మా తాతయ్య నేవీ రికార్డు కోసం తిరిగిన ఏడాది

మా అమ్మ వాళ్ళ నాన్న రెండో ప్రపంచ యుద్ధంలో నేవీలో పనిచేశారన్నది ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. ఏ ఓడలో, ఎప్పటినుంచి ఎప్పటిదాకా, ఏం పని మీద అని అడిగితే మాత్రం ఎవరి దగ్గరా జవాబు లేదు. 1946 ఫిబ్రవరిలో బొంబాయిలో బ్రిటిషువారి మీద జరిగిన నావికుల తిరుగుబాటులో ఆయన పాల్గొన్నారని మా పెద్దమామయ్య చెప్పేవారు. మేమంతా అది వింటూనే పెరిగాం. తాతయ్య 1991లో హైదరాబాదులోనే పోయారు. ఆయన సర్వీసు కాగితాల కోసం నేను 2024 జూన్‌లో మొదలుపెడితే, అవి పూర్తిగా చేతికందేసరికి 2025 ఆగస్టు వచ్చింది. ఇంట్లో ఇలాంటి తాతలున్నవాళ్ళు చాలామందే ఉంటారు. వాళ్ళకు పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ముందు పెద్దవాళ్ళ దగ్గర కూర్చున్నాను. అమ్మ, పెద్దమామయ్య, పిన్ని ముగ్గురినీ విడివిడిగా అడిగి, వాళ్ళు చెప్పింది ఫోనులో రికార్డు చేశాను. విడివిడిగా అడగడం మంచిదయింది. ముగ్గురూ ఒకచోట ఉంటే మామయ్య మాట్లాడతారు, మిగతా ఇద్దరూ తలూపుతారు. మామయ్య తిరుగుబాటు గురించి చెప్పారు. అమ్మకు గుర్తున్నది వేరు. బందరు దగ్గర మా ఊళ్ళో తాతయ్య రోజూ పొద్దున్నే చేట ముందేసుకుని బియ్యంలో రాళ్ళు తనే ఏరేవారట. అమ్మమ్మ ఏరినా మళ్ళీ ఏరేవారట. అన్నంలో పంటికింద రాయి తగిలితే విస్తరి ముందు నుంచి లేచిపోయేవారట. పిన్ని మాత్రం, "నాన్న చేతి మీద జెండాలున్న ఫొటో ఒకటి ఉండాలిరా, ఎక్కడ పెట్టానో" అంది. ఆ మాటకు ఎంత విలువుందో అప్పటికి మా ఇద్దరికీ తెలియదు.

సైనిక్‌పురిలో ఉండే ఒక రిటైర్డ్ నేవీ అధికారి మా స్నేహితుడికి తెలుసు. ఆయన్ని కలిశాకే దారి తెలిసింది. ఆఫీసర్లు కాని నావికుల సర్వీసు రికార్డులు ముంబై మాన్‌ఖుర్ద్‌లోని చీతా క్యాంపులో, బ్యూరో ఆఫ్ సెయిలర్స్ అధీనంలో ఉంటాయని చెప్పారు. జూలైలో అక్కడికి ఉత్తరం రాశాను. సెప్టెంబరులో మర్యాదగా జవాబు వచ్చింది: సర్వీసు నంబరు ఉంటే తెలపండి, చేరినప్పటి పేరు ఇంగ్లీషులో ఎలా రాసేవారో తెలపండి, తండ్రి పేరు, ఊరు తెలపండి అని.

పేరు దగ్గరే పెద్ద చిక్కు. 'అయ్య'తో ముగిసే తెలుగు పేరును ఆనాటి గుమస్తాలు ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాయొచ్చో అన్ని రకాలుగానూ రాశారు. పైగా సైన్యం కాగితాల్లో మన ఇంటిపేరు ఒక్కోచోట ముందుంటుంది, ఒక్కోచోట అసలుండదు, ఒక్కోచోట ఊరి పేరే ఇంటిపేరైపోతుంది. ఊహకందిన స్పెల్లింగులన్నీ ఒక కాగితం మీద రాసి పెట్టుకోవాలి. ఆ కాగితం చివరిదాకా నా సంచిలోనే ఉంది.

ఈ లోపు అంతర్జాలంలో వెతికాను. హైదరాబాదు, నౌకాదళం అని వెతికేవాళ్ళకు ఒక మాట. ముందుగా 'నిజాం' అనే యుద్ధనౌక కనబడుతుంది. 1941లో సేవలోకి వచ్చిన ఆ డిస్ట్రాయరుకు మన నిజాం పేరే పెట్టారు గానీ అది ఆస్ట్రేలియా నౌకాదళానిది. మనవాళ్ళు పనిచేసింది రాయల్ ఇండియన్ నేవీలో. ఆ నేవీ నౌకల పేర్లకు ముందు హెచ్‌ఎంఐఎస్ (హిజ్ మెజెస్టీస్ ఇండియన్ షిప్) అని ఉంటుంది. వెతకవలసింది ఆ నాలుగు అక్షరాలతో.

దసరాకి వనస్థలిపురంలో పిన్ని ఇంటికి వెళ్ళినప్పుడు అటక మీది రేకు పెట్టె దించాం. అమ్మమ్మ పట్టుచీర అడుగున ఒక కవరు, అందులో ఆ ఫొటో, దాంతోపాటు గుడ్డలో చుట్టిన మూడు పతకాలు. అమ్మమ్మ 2009లో పోయిన తర్వాత ఆ పెట్టె ఎవరూ తెరవలేదు. ఫొటోలో ఇద్దరు కుర్రాళ్ళు, తెల్ల యూనిఫాంలో, స్టూడియో తెర ముందు నిలబడి ఉన్నారు. వెనక బొంబాయి స్టూడియో ముద్ర. తాతయ్యకు ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. నా మేనల్లుడి ముఖం అచ్చుగుద్దినట్టు అక్కడ కనబడింది. పక్కనున్నవాడు ఎవరో తెలియదు.

కోఠిలో ఒక షాపులో ఆ ఫొటోను పెద్దగా స్కాన్ చేయించాను. మూడు వందలు తీసుకున్నారు. టోపీ పట్టీ మీద ఓడ పేరు ఉంటుందని నా ఆశ. పెద్దది చేసి చూస్తే హెచ్‌ఎంఐఎస్ అని మాత్రమే ఉంది. ఏ నావికుడు ఏ ఓడలో ఉన్నాడో శత్రువుకు తెలియకూడదని యుద్ధకాలంలో టోపీల మీద ఓడ పేరు ఉంచేవారు కాదని సైనిక్‌పురి ఆయన చెప్పారు. ఎంతో నీరసపడ్డాను. ఆయన మాత్రం ఫొటోలో తాతయ్య కుడి భుజం చూపించి, "ఇది చూడండి" అన్నారు. అడ్డంగా పెట్టిన రెండు చిన్న జెండాలు. అంటే సిగ్నల్‌మన్. పగలు జెండాలతో, రాత్రి దీపంతో ఓడ నుంచి ఓడకు కబురు పంపే పని. వైర్‌లెస్ వాళ్ళకైతే రెక్కలున్న మెరుపు గుర్తు ఉండేదట. పిన్నికి చిన్నప్పటినుంచి గుర్తున్న జెండాలు అవే.

పతకాల దగ్గరకు వస్తాను, ఎందుకంటే పని తిరిగింది అక్కడే. రెండు ఆరు కోణాల నక్షత్రాలు, ఒకటి గుండ్రని బిళ్ళ. రిబ్బన్లు పురుగు కొట్టి పొడిపొడిగా రాలుతున్నాయి. నల్లబడిన నక్షత్రాలను చూసి పిన్ని చింతపండు పెట్టి తోముదామంది. దయచేసి ఎవరూ తోమకండి. నక్షత్రం వెనకవైపు ఉన్న అక్షరాలే మనకు కావలసింది. మన దేశపు సైనికుల పతకాల మీద పేరు, నంబరు పొడిచి ఇచ్చేవారు. గట్టిగా రుద్దితే అవి అరిగిపోతాయి. పిన్ని పడకగదిలో లైటు ఆర్పి, ఫోను టార్చిని పక్కవాటంగా పట్టి, భూతద్దంతో చూశాను. మొదట అంకెలు, తర్వాత హోదాను సూచించే పొడి అక్షరాలు, తర్వాత తాతయ్య పేరు, చివర ఆర్.ఐ.ఎన్., అంటే రాయల్ ఇండియన్ నేవీ. ఒక అంకె మూడో ఎనిమిదో తేలలేదు. రెండో నక్షత్రం మీద అది స్పష్టంగా మూడు. పేరు నా కాగితంలో రాసుకున్న ఏ స్పెల్లింగుతోనూ కలవలేదు. పిన్ని చాలాసేపు ఆ నక్షత్రాన్ని అరచేతిలో పెట్టుకుని కూర్చుంది. తండ్రి పేరు లోహం మీద ఉందని ఇన్నేళ్ళూ తనకు తెలియదు.

ఆ రెండింటిలో ఒకటి 1939–45 స్టార్, రెండోది బర్మా స్టార్, గుండ్రనిది యుద్ధ పతకం. బర్మా స్టార్ ఉందంటే ఆయన డిపోలో కూర్చున్న మనిషి కాదు, సముద్రం మీద యుద్ధప్రాంతానికి వెళ్ళారు. ఇంట్లో ఎవరికీ తెలియని మొదటి నిజం అది.

నంబరు దొరికాక కావలసింది బంధుత్వపు రుజువు. మనవడిగా నేను అడగడం కన్నా కూతురిగా అమ్మ సంతకంతో అడగడం మేలని సలహా ఇచ్చారు, అలాగే చేశాం. తాతయ్య మరణ ధ్రువపత్రం కోసం వెళ్తే ఒక కార్యాలయంలో రికార్డు లేదన్నారు. ఇక లేనట్టే అయితే ఆలస్యపు నమోదు కోసం ఆర్డీవో దాకా వెళ్ళాలి, నెలలు పడుతుంది. నవంబరంతా ఆ దిగులుతోనే గడిచింది. చివరికి ఒక పాత ఉద్యోగి పేరు వదిలేసి, చనిపోయిన తేదీ పట్టుకుని ఆ నెల రిజిస్టరు తిరగేశారు. పేరులో రెండక్షరాలు తారుమారై అక్కడే ఉంది. సవరణకు ఇంకో మూడు వారాలు. అమ్మ ఆధార్‌లో మా నాన్నగారి ఇంటిపేరు ఉంది కాబట్టి, ఫలానావారి కూతురిని నేనేనని నూరు రూపాయల స్టాంపు కాగితం మీద అఫిడవిట్ రాయించి, నాంపల్లిలో నోటరీ చేయించాం. నోటరీకి రెండు వందలు, జిరాక్సులకు, స్పీడ్ పోస్టుకు మరికొంత. ఈ మొత్తం పనిలో డబ్బు పెద్దగా కాదు. సెలవులే ఎక్కువ ఖర్చయ్యాయి.

ఈ తిరుగుళ్ళలోనే సైనిక సంక్షేమ కార్యాలయానికి కూడా వెళ్ళాను. రెండో ప్రపంచ యుద్ధపు మాజీ సైనికులకు, వాళ్ళ భార్యలకు ప్రభుత్వం ఆర్థిక సాయం చేస్తుందని అక్కడ చెప్పారు. యుద్ధం అవగానే విడుదలైనవాళ్ళకు పింఛను లేదు కాబట్టి ఆ సాయం. అమ్మమ్మ చివరి రోజుల్లో మందులకు పిన్ని గాజులు తాకట్టు పెట్టింది. బయటికొచ్చి స్కూటరు దగ్గర కాసేపు నిలబడిపోయాను. మీ ఇంట్లో అలాంటి అమ్మమ్మో నాయనమ్మో బతికి ఉంటే చరిత్ర సంగతి తర్వాత, ముందు ఆ కార్యాలయానికి వెళ్ళి అడగండి.

2025 జనవరిలో అన్నీ జతచేసి మళ్ళీ ఉత్తరం పంపాం. దాంతోపాటు సమాచార హక్కు చట్టం కింద అమ్మ పేరు మీద దరఖాస్తు కూడా పెట్టాం. అబిడ్స్ పెద్ద పోస్టాఫీసులో పది రూపాయల పోస్టల్ ఆర్డరు కొన్నాను. చట్టం ప్రకారం గడువు 30 రోజులు. మొదటి జవాబు ఫిబ్రవరి ఆఖర్లో వచ్చింది. ఒకే పేజీ. అందులో తాతయ్య పేరు, నంబరు, హోదా సిగ్నల్‌మన్, కింద వరసగా నాలుగు పేర్లు: అక్బర్, తల్వార్, జమ్నా, డల్హౌసీ. తేదీలు లేవు. రికార్డు ప్రతులు కావాలంటే పేజీకి రెండు రూపాయల చొప్పున కట్టమన్నారు.

'తల్వార్' అన్న పేరు చూడగానే నా గుండె ఝల్లుమంది. 1946 ఫిబ్రవరి 18న నావికుల సమ్మె మొదలైంది తల్వార్‌లోనే. ఆ సాయంత్రమే కూకట్‌పల్లి వెళ్ళి మామయ్యకు చూపించాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చదివారు. "చెప్పానా" అన్నారు. వాళ్ళ కాలనీలో తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేశారు. నేనూ ఆ రాత్రి నిద్రపోలేదు.

ప్రతుల కోసం ఎదురుచూసిన నెలల్లో చదవడం మొదలుపెట్టాను. తెలుసుకున్న మొదటి సంగతి, ఆ నాలుగు పేర్లలో ఓడ ఒక్కటే. అక్బర్ ఠాణె దగ్గరి శిక్షణ కేంద్రం. తల్వార్ కొలాబాలోని సిగ్నల్ స్కూలు. డల్హౌసీ బొంబాయి కోట ప్రాంతంలోని నేవీ డిపో, ఇప్పటి ఐఎన్‌ఎస్ ఆంగ్రే. నేవీలో ఒడ్డున ఉన్న భవనాలకూ ఓడల పేర్లే పెడతారు. ఇది తెలియకపోతే లేని ఓడల కోసం జీవితాంతం వెతకొచ్చు. నిజంగా నీళ్ళ మీద తిరిగింది జమ్నా. 1941లో సేవలోకి వచ్చిన స్లూప్, అంటే మిగతా ఓడలకు కాపలాగా వెళ్ళే చిన్న యుద్ధనౌక. 1943 జూలైలో సిసిలీ మీద దాడి జరిగినప్పుడు మధ్యధరా సముద్రం దాకా వెళ్ళింది. తర్వాత బర్మా యుద్ధంలో, ఆ దేశపు పడమటి అంచున ఉన్న అరకాన్ తీరానికి వెళ్ళింది. 1945 జనవరిలో మ్యేబోన్, కంగా ప్రాంతాల్లో సైన్యాన్ని దింపేటప్పుడు నర్బదా, జమ్నా నౌకలు ఒడ్డు మీది జపాను స్థావరాలపై గుళ్ళు కురిపించాయి. రాయల్ ఇండియన్ నేవీ యుద్ధచరిత్ర మీద 1964లో ప్రభుత్వం వేయించిన అధికారిక సంపుటం అంతర్జాలంలో ఉచితంగా దొరుకుతుంది. ఓడ పేరు తెలిస్తే చాలు, ఏ నెలలో ఎక్కడుందో చాలావరకు తెలుస్తుంది.

అరకాన్ తీరం పటం ముందు చాలా రాత్రులు కూర్చున్నాను. అంతా మడ అడవులు, ఉప్పుటేర్లు, ఆటుపోట్లకు మునిగి తేలే బురద. తాతయ్య పుట్టి పెరిగిన కృష్ణా నది ముఖద్వారం కూడా అలాంటి నేలే. ఆ బురద వాసన ఆయనకు చిన్నప్పటినుంచి తెలిసినదే అయ్యుండాలి. ఆ ఇరుకు ఏర్ల మధ్య, ఒడ్డు నుంచి కాల్పులు జరుగుతుంటే, ఓడ పైభాగాన నిలబడి జెండాలు ఊపడమంటే ఏమిటో ఊహించుకుంటేనే నాకు చెమటలు పట్టాయి. ఆయన ఆ విషయం ఇంట్లో ఒక్కరికి కూడా చెప్పలేదు.

ధ్రువీకరించిన ప్రతులు మే నెలాఖరున వచ్చాయి. ఒక పేజీ మసకగా ఉంటే మళ్ళీ అడిగాం, అది ఆగస్టులో అందింది. పెద్ద ఫారం జిరాక్సు. ఎత్తు అయిదడుగుల నాలుగంగుళాలు. గుర్తులు: ఎడమ కనుబొమ మీద మచ్చ. ఆ మచ్చ అమ్మకు బాగా తెలుసు. ఈత చెట్టు నుంచి పడ్డప్పటిదని తాతయ్యే చెప్పారట. చేరిన రోజు సంతకం తెలుగులో ఉంది, వంకరటింకరగా, బడిపిల్లవాడి రాతలా. విడుదల రోజు సంతకం ఇంగ్లీషులో, ఒక్క ఊపులో. ప్రవర్తన గడిలో 'చాలా మంచిది' అన్న అర్థంలో రెండు పొడి అక్షరాలు. ఫారం ఒక మూల చిన్న గీత, పక్కన సన్నని అచ్చు: అపకీర్తితో పంపించివేస్తే ఈ మూల కత్తిరించాలి అని. మూల కత్తిరించి లేదు.

తేదీలు ఇవి. చేరింది 1943 ఆగస్టు, మద్రాసులో. తల్వార్‌లో ఉన్నది 1944 జనవరి నుంచి జూన్ వరకు, శిక్షణకు. 1944 జూలై నుంచి 1945 సెప్టెంబరు వరకు జమ్నా. తర్వాత డల్హౌసీ. విడుదల 1946 జనవరి 9.

తిరుగుబాటు మొదలయ్యేసరికి ఆయన నేవీలో లేరు.

ఆ తేదీని ఎన్నిసార్లు చూసినా మారలేదు. సైనిక్‌పురి ఆయన కూడా చూసి, సందేహం లేదు, యుద్ధం ముగిశాక మామూలుగా ఇంటికి పంపినవాళ్ళలో ఒకరన్నారు. నేషనల్ ఆర్కైవ్స్‌ వారి అభిలేఖ్ పటల్ వెబ్‌సైటులో ఉచితంగా నమోదు చేసుకుని, తిరుగుబాటుకు సంబంధించి అక్కడ దొరికిన కాగితాలన్నీ తిరగేశాను. బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో ఆ నెలల పాత పత్రికలూ చూశాను. ఆయన పేరు ఎక్కడా లేదు. ఊరి కుర్రాడు నేవీ నుంచి తిరిగి రావడం, నెలన్నర తిరగకుండానే పత్రికల నిండా నావికుల వార్తలు రావడం, ఈ రెండింటినీ ఊరే కలిపేసి ఉంటుందని నా నమ్మకం.

మామయ్యకు చెప్పడానికి నాకు పది రోజులు పట్టింది. డెబ్బై ఏడేళ్ళ మనిషి. ఆయన చిన్నప్పుడు బళ్ళో పంద్రాగస్టు నాడు లేచి ఈ కథే చెప్పేవారు. అమ్మను కూడా తీసుకెళ్ళాను. కాగితాలు చేతికిచ్చి తేదీ చూపించాను. ఆయన ఏమీ అనలేదు. లోపలికి వెళ్ళి, చాలాసేపటికి బయటికొచ్చారు. అప్పుడు చెప్పారు, ఇన్నేళ్ళలో మాకెవరికీ చెప్పని సంగతి.

స్వాతంత్ర్య సమరయోధుల పింఛను పథకాన్ని 1980లో విస్తరించాక, నావికుల తిరుగుబాటులో ఉండి నష్టపోయినవాళ్ళకు కూడా అది వర్తిస్తుందని మామయ్యకు తెలిసింది. ఫారాలు తెచ్చి, నింపి, సంతకం కోసం తాతయ్య ముందు పెట్టారు. అప్పుడు అమ్మ పెళ్ళి కుదిరి ఉంది, చేతిలో డబ్బు లేదు. తాతయ్య ఆ ఫారం చదివి మడిచి వెనక్కి ఇచ్చేశారు. "అది నాది కాదురా" అన్నారట. మామయ్య ఎంత బతిమాలినా మళ్ళీ ఆ మాట తప్ప ఇంకో మాట అనలేదట. అది అతి వినయమనీ, ఇంటి అవసరం పట్టని మొండితనమనీ మామయ్య అప్పట్లో అనుకున్నారు. ఆ కోపంతో నెలల తరబడి తండ్రితో సరిగా మాట్లాడలేదు. అమ్మ పెళ్ళికి చివరికి అరెకరం అమ్మారు.

"ఉన్న మాటే చెప్పాడు. నేనే వినలేదు" అన్నారు మామయ్య. అమ్మ ఆయన పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. తన పెళ్ళి వెనక ఇదంతా ఉందని అమ్మకు ఆ రోజే తెలిసింది.

ఇల్లంతా కలిసి నమ్మిన కథను కాగితం కొట్టేస్తే ఏం చేయాలని నన్ను ఇద్దరు ముగ్గురు అడిగారు. చెప్పకుండా ఊరుకోవచ్చుగా అన్నారు. నేనలా అనుకోను. తిరుగుబాటు కథ ఉన్నంతకాలం మా ఇంట్లో ఎవరూ అరకాన్ గురించి అడగలేదు, ఆ ఫారం ఎందుకు వెనక్కి ఇచ్చారో అడగలేదు. మా తాతయ్య నిజంగా చేసిన రెండు పనులూ ఆ కథ కిందే ఉండిపోయాయి.

మామయ్య ఇప్పుడు కాలనీలో కలిసినవాళ్ళకు జమ్నా గురించి చెబుతున్నారు. పటం తీసి కంగా ఎక్కడుందో వేలు పెట్టి చూపిస్తారు. పతకాలకు కొత్త రిబ్బన్లు కుట్టించమని పిన్ని అడుగుతోంది. పాతవాటిని పారేయకుండా కవర్లో దాచాం. జమ్నా 1945 నాటి కాగితాలు ఏమైనా మిగిలాయేమో, ఫొటోలో తాతయ్య పక్కనున్న కుర్రాడు ఆ ఓడవాడేనేమో కనుక్కోమని మామయ్య నన్ను తొందరపెడుతున్నారు. అందుకోసం సెప్టెంబరులో ఢిల్లీకి కొత్త దరఖాస్తు పంపాను. జవాబు ఇంకా రాలేదు.